ఊహలబయలులో తలకిందులరాయుడు

వెన్నెలమిట్ట రాజ్యాన్ని చక్రధరుడనే రాజు పాలిస్తున్న రోజుల్లో ఆ రాజ్యానికి ఒక వింత కష్టం వచ్చిపడింది. శత్రువులు దండెత్తి రాలేదు. వానలు మొహం చాటేయలేదు. రాకుమారిని ఏ రాక్షసుడూ ఎత్తుకుపోలేదు. ఇళ్ళు తలకిందులు కావడం మొదలుపెట్టాయి. పొద్దున నిటారుగా ఉన్న ఇల్లు మధ్యాహ్నానికల్లా కప్పును నేలకు ఆనించి, గడపను ఆకాశానికి చూపిస్తూ నిలబడేది.

ఈ సంగతి మీకు అర్థం కావాలంటే ముందు ఊహలబయలు గురించి చెప్పాలి.

రాజధానికి ఉత్తరాన కనుచూపు మేర పరుచుకున్న మైదానం పేరే ఊహలబయలు. చక్రధరుడి ముత్తాత చేసిన ఏదో మేలుకు మెచ్చి సైకతి అనే యక్షిణి దాన్ని వరంగా ఇచ్చింది. దాని వాకిట్లో ఒక చెట్టుంది. ఆ చెట్టుకు కాయలకు బదులు ముసుగులు కాస్తాయి. లోపలికి వచ్చేవాళ్ళు చిలకదో, కుందేలుదో ఒక ముసుగు కోసుకుని తొడుక్కుని, తమకు నచ్చిన పేరేదో చెప్పి అడుగుపెట్టాలి. ఆ తరవాత అక్కడి మట్టి వాళ్ళ మాట వింటుంది. గుప్పెడు మట్టి తీసి ‘ఇటుక’ అనుకుంటే ఇటుక, ‘దూలం’ అనుకుంటే దూలం, ‘నీళ్ళు’ అనుకుంటే నీళ్ళు. మేడ మీంచి పడినా దెబ్బ తగలదు. బంతిలా ఎగిరి మళ్ళీ లేచి నిలబడతారు.

ఎవరి ముసుగునూ మరొకరు తీయకూడదన్నది యక్షిణి పెట్టిన ఒకే ఒక్క కట్టుబాటు. అందువల్ల లోపల రాజెవరో, గాడిదల కాపరి ఎవరో తెలిసేది కాదు. పరదేశపు రాకుమారుడొకడు అక్కడ పశువుల కొట్టం కట్టుకుని సంతోషంగా పేడ ఎత్తుకునేవాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు చందమామకు నిచ్చెన వేయబోయి, సగంలో పోట్లాడుకుని, దాన్ని చెరోవైపుకీ వంచేసి పోయారు. అన్ని దేశాల జనం వచ్చేవారు. ఆడుకునేవారు. సాయంత్రానికి ఇళ్ళకు పోయేవారు. కట్టినవి మాత్రం అక్కడే ఉండేవి.

ఆ బయలుకు కావలి కేతమ్మ. ఆమె తల్లి కూడా ఆ పనే చేసింది. తల్లి పోయాక, పెళ్ళీడైనా రాకముందే కేతమ్మ చేతికి వెలికర్ర వచ్చింది. ఆ కర్రను తాకించి “వెలి!” అంటే చాలు, అల్లరి చేసినవాడు గిర్రున తిరుగుతూ పోయి వాకిలి బయట ముళ్ళపొదలో పడతాడు.

బయలుకు వచ్చేవాళ్ళలో అచ్చాయమ్మ అనే ముసలామె ఉండేది. ఆమెది ఉడుత ముసుగు. చాలా ఏళ్ళ కిందట ఏరు పొంగి, ఆమె పుట్టిన రేవుపాలెం అనే ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. బతికి బయటపడినవాళ్ళు తలో దిక్కుకూ చెదిరిపోయారు. అచ్చాయమ్మ ఆ ఊరిని గుర్తు తెచ్చుకుంటూ ఊహలబయలులో ఇంటి తరవాత ఇల్లు కట్టుకుంటూ వచ్చింది. గానుగ కట్టింది, కమ్మరికొలిమి కట్టింది, ఊరి పక్కన ఏరు కూడా పారించింది. ఆ ఊరివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి తమ వీధుల్లో తిరిగి చూసుకునేవారు. “మా వసారా స్తంభానికి ఇక్కడో గాటుండాలి పిన్నీ” అని ఒకడంటే, “అవునురోయ్, నీ చిన్నప్పటి కొడవలి గాటే కదూ!” అని ఆమె గాటు పెట్టేది.

అటువంటి రేవుపాలెం మీద తుంటరిదండు పడింది.

తుంటరిదండంటే పాతికమందికి పైగా ఆకతాయిలు. వాళ్ళకు కట్టడం ఇష్టం లేదు, ఇంకొకరు కట్టింది నిలవడమూ ఇష్టం లేదు. బావుల్లో మజ్జిగ నింపేవాళ్ళు. మేడల మెట్లు మాయం చేసి, మీద ఉన్నవాళ్ళను దిగమనేవాళ్ళు. వాళ్ళ నాయకుడిది గుడ్లగూబ ముసుగు. వాడు చెప్పుకున్న పేరు తలకిందులరాయుడు. ఇళ్ళను తిరగేయడంలో వాడికి వాడే సాటి. ఒకనాడు మధ్యాహ్నం జనం వచ్చి చూసేసరికి రేవుపాలెంలోని ప్రతి ఇల్లూ తలకిందులుగా ఉంది. ఊరి పక్కన పెరుగుతో రాసిన “హిహిహి” అనే అక్షరాలు తాటిచెట్లంత పొడవున్నాయి.

అచ్చాయమ్మ చాలాసేపు చూసింది. ఉడుత ముసుగు తీసి చెట్టుకు తగిలించి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు.

కేతమ్మకు ఒళ్ళు మండిపోయింది. గుడ్లగూబను తరిమి పట్టుకుని “వెలి!” అంది. వాడు ముళ్ళపొదలో పడ్డాడు. కాసేపటికి కొంగ ముసుగుతో వచ్చి గోశాల తిరగేశాడు. మళ్ళీ “వెలి!” అంది. ఈసారి తులసిమాల వేసుకుని, మేక ముసుగుతో వచ్చి, “శుభమస్తు తల్లీ!” అని దీవించి మరీ లోపలికి పోయాడు. ఆమె ఒకణ్ణి వెళ్ళగొట్టేలోపు ముగ్గురు దూరేవారు. చివరికి ఆమెకు ముసుగు వేసుకున్న ప్రతివాడూ దొంగలాగే కనబడసాగాడు.

అలాంటి చికాకులో ఉండగా ఒక చిలక ముసుగువాడు గోడను కాలితో తన్నుతూ కనిపించాడు. కేతమ్మ వెనకనుంచి వెళ్ళి వీపు మీద ఒక్కటి వేసి “వెలి!” అంది. తీరా చూస్తే ఆ గోడ అతనిదే. వంకరగా వచ్చిందని పడగొట్టుకుంటున్నాడు. ముళ్ళపొదలోంచి “ఓరి దేవుడో! భటులారా!” అని కేక వినబడింది. చిలక ముసుగు ఊడిపోయి, కిరీటానికి రేగుముళ్ళు గుచ్చుకుని, చక్రధర మహారాజు బయటికి పాకుతున్నాడు.

కేతమ్మ పరుగున వెళ్ళి ముళ్ళకొమ్మలు పక్కకు తప్పించింది. “క్షమించండి మహాప్రభూ, తుంటరివాడనుకున్నాను.”

“మేము కూడా రోజూ వస్తామని నీకు తెలియదా?”

“ముసుగులో ఎవరున్నారో నాకెలా తెలుస్తుంది ప్రభూ?”

రాజు ముళ్ళు పీక్కుంటూ ఆలోచించాడు. ఆయన మంచివాడే గాని నొప్పి నొప్పే కదా. “ఇలా అయితే లాభం లేదు. బయలు వాకిలి మూసేయిస్తాను.”

“వద్దు ప్రభూ! మూసేస్తే తుంటరులే గెలిచినట్టు. అచ్చాయమ్మవ్వ ఊరు తలకిందులుగానే ఉండిపోతుంది. ఈ బయలునిచ్చిన యక్షిణినే వెళ్ళి అడుగుతాను. ఏదో ఒక ఉపాయం చెప్పకపోదు.”

“సరే, అమావాస్య దాకా గడువిస్తున్నాను. అప్పటికి నువ్వు ఉపాయంతో రాకపోతే వాకిలికి తాళమే. అన్నాళ్ళూ ఇక్కడ కావలి ఎవరుంటారు?”

కేతమ్మ వెలికర్రను రాజు చేతిలో పెట్టింది. “మీరే ఉండాలి ప్రభూ. ఇంకెవరి మాటా వాళ్ళు వినరు.”

“ఓస్, ఇంతేనా? రాజ్యమే ఏలుతున్నాను, ఒక మైదానం ఏలలేనా?” అన్నాడు రాజు.

కేతమ్మ అటుకుల మూట కట్టుకుని బయలుదేరింది. యక్షిణి సైకతి ఉత్తరారణ్యాలకు ఆవల ఇసుకకొండ మీద ఉంటుందని మాత్రమే ఆమెకు తెలుసు.

మొదటి అడవిలో దారి ఒక ఆశ్రమంలోంచి పోతుంది. ఆశ్రమం ముంగిట్లో శాంతానందుడనే ముని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన గడ్డానికి బొటనవేలంత భూతాలు ఊయలలూగుతున్నాయి.

“స్వామీ, ఇసుకకొండకు దారి ఇదేనా?” అని అడిగింది కేతమ్మ.

“ఇదే తల్లీ. ఈ గిల్లుడు భూతాలు కంటికి కనిపించినంతకాలం దారి మూసుకునే ఉంటుంది. ఒక్కటి కూడా లేనప్పుడు తెరుచుకుంటుంది. నేనూ దాటిపోదామనే వచ్చాను. వచ్చి చాలా ఏళ్ళయింది.”

ఆయన మాట పూర్తి కాకముందే ఒక భూతం కేతమ్మ జడ విప్పేసింది. “ఛీ, పో!” అంది కేతమ్మ. వెంటనే ఆ భూతం రెండయింది. “పొమ్మంటుంటే!” అని కసిరింది. రెండూ నాలుగయ్యాయి. ఎండుకొమ్మ ఒకటి తీసుకుని తరిమేసరికి ఆశ్రమమంతా భూతాలే. ఒకటి ఆమె చెవిలో ఈల వేసింది. ఇంకొకటి అటుకులన్నీ చల్లేసి, వాటి మీద పొర్లింది.

“కోపం వాటికి పాయసం తల్లీ” అన్నాడు ముని కళ్ళు తెరవకుండానే. “నువ్వు అరిచిన కొద్దీ బలుస్తాయి. పట్టించుకోకుండా నీ పని నువ్వు చేసుకో.”

“మరి మీరు ఇన్నేళ్ళూ పట్టించుకోకుండానే ఉన్నారా?”

“ఉంటాను. అన్నీ పోతాయి. చివరి భూతం వెళ్ళిపోతూ నా ముక్కులో పుల్ల పెడుతుంది. అక్కడే నాకు...” అంటుండగానే ఒక భూతం ఆ పని చేసింది. శాంతానందుడు “ఓరి నీ అబ్బ కడుపు మాడా!” అని గర్జించి లేచాడు. ఆ తిట్టుకు భూతాలు గుంపులు గుంపులుగా పుట్టుకొచ్చాయి. ముని సిగ్గుపడి మళ్ళీ కూర్చున్నాడు.

కేతమ్మ కూడా ఒక రాతి మీద కూర్చుని జడ అల్లుకోవడం మొదలుపెట్టింది. భూతాలు విప్పేశాయి. మళ్ళీ అల్లుకుంది. మళ్ళీ విప్పాయి. లోపల ఎంత ఉడికిపోతున్నా మొహంలో కనబడనివ్వకుండా, తల్లి నేర్పిన దంపుళ్ళ పాట కూనిరాగం తీస్తూ అల్లుకుంటూనే ఉంది. మధ్యాహ్నం దాటేసరికి భూతాలకు ఆవలింతలొచ్చాయి. విసుగుపుట్టిన ప్రతి భూతమూ ఉసిరికాయగా మారి నేలరాలింది. చివరిది ఆమె ముక్కు దగ్గరకు పుల్ల పట్టుకొచ్చింది. కేతమ్మ తుమ్మింది గాని తిట్టలేదు. అదీ రాలిపోయింది. చెట్లు పక్కకు జరిగి దారి ఇచ్చాయి.

“వస్తారా స్వామీ?” అంది కేతమ్మ.

“నువ్వు తెరిచిన దారిలో నేను నడిస్తే అది నా తపస్సెలా అవుతుంది? ఒక ఉసిరికాయ మాత్రం ఇచ్చిపో” అన్నాడు ముని.

రెండో అడవి నడుమ ఆకాశమంత ఎత్తు ప్రహరీ కనిపించింది. దాని ఇనప తలుపు ముందు ఒక రాక్షసుడు కూలబడి ఉన్నాడు. పేరుకు ఘటోదరుడు, కడుపు మాత్రం వీపుకు అంటుకుపోయి ఉంది. కేతమ్మను చూడగానే లేచి, “ఆకలి! నిన్ను తినేస్తాను!” అని అరిచి, నీరసంతో మళ్ళీ కూలబడ్డాడు.

“ఆ గోడ వెనక ఏముంది?” అని అడిగింది కేతమ్మ.

“నా మామిడితోట. దొంగలు రాకుండా ఈ తలుపుకు మాట్లాడే తాళం వేశాను. రహస్యమాట చెబితే గాని తెరవదు. ఎవరూ కనిపెట్టకూడదని ఎంతో కష్టమైన మాట పెట్టాను.”

“చెప్పి లోపలికి పో మరి.”

రాక్షసుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మర్చిపోయాను. గోడ దూకకుండా మంత్రం కూడా నేనే వేసుకున్నాను. దొంగలు రాలేదు నిజమే. నేనూ పోలేకపోయాను. లోపల పళ్ళు మాగి, రాలి, కుళ్ళి, మళ్ళీ కాస్తున్నాయి. వాసన మాత్రం వస్తుంటుంది.”

కేతమ్మకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. “నన్ను తిననంటే నీ మాట వెతికిపెడతాను. నీకు ఇష్టమైన తిండి ఏది?”

“గారెలు” అన్నాడు రాక్షసుడు. “కాదు” అంది తాళం. పులిహోర, అరిసెలు, మనిషి తొడ, అన్నీ అయ్యాయి. తాళం కాదు కాదంటూనే ఉంది.

“ఇంకెవరికీ తెలియని మాటన్నావు కదా, చిన్నప్పుడు మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?”

రాక్షసుడి నల్లటి మొహం ఎర్రబడింది. “అది... అది బయటికి చెప్పేది కాదు.”

“నేను అటు తిరుగుతాను. చెవులు మూసుకుంటాను. సరేనా?”

కేతమ్మ అటు తిరిగింది. రాక్షసుడు తాళం దగ్గర వంగి ఏదో గొణిగాడు. “వినబడలేదు. గట్టిగా!” అంది తాళం. మళ్ళీ గొణిగాడు. “ఇంకా గట్టిగా!” అంది తాళం.

“బుల్లిబూరె!” అని రాక్షసుడు అడవి దద్దరిల్లేలా అరిచాడు.

తలుపు బార్లా తెరుచుకుంది. చెట్ల మీది కోతులు చాలాసేపు నవ్వాయి. ఘటోదరుడు మాత్రం అదేమీ పట్టనట్టు తోటలోకి ఉరికి, టెంకలతో సహా మింగుతూ కూర్చున్నాడు. కాస్త స్తిమితపడ్డాక కేతమ్మ ఎక్కడికి పోతోందో అడిగి తెలుసుకుని, ఆమెకు గంపెడు పళ్ళిచ్చాడు. “ఇసుకకొండకు నడిచి పోలేవు. వాగు ఒడ్డున వెనకకొంగ ఉంటుంది. పళ్ళిస్తే మోసుకుపోతుంది. ఇంకొక్క మాట అక్కా, ఆ పేరు ఎవరితోనూ అనకు.”

వెనకకొంగ ఏనుగంత ఉంది. అది వెనక్కి మాత్రమే ఎగరగలదు. “వెనకున్నదంతా నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ముందేముందో మాత్రం గుద్దుకున్నాకే తెలుస్తుంది” అని పళ్ళు మింగుతూ చెప్పింది.

కేతమ్మ దాని తోకవైపు మొహం పెట్టి కూర్చుని దారి చెప్పసాగింది. “కుడికి తిరుగు, తాడిచెట్టు!” అంది. కొంగ తన కుడికి తిరిగింది. అది కేతమ్మకు ఎడమ. తాడిచెట్టు తగిలింది. “కుడి అన్నాను కదా!” “కుడికే కదా తిరిగాను!” ఇలా ఆ అడవిలోని ఎత్తయిన చెట్లన్నిటినీ పలకరించుకుంటూ, ఒంటినిండా ఆకులతో ఇసుకకొండ మీద వాలారు.

కొండ మీద యక్షిణి సైకతి ఇసుకతో ఒక నగరం కట్టుకుంటూ కూర్చుంది. కేతమ్మ వచ్చిన పనంతా విని రెండు వస్తువులు బయటికి తీసింది. ఒకటి నిప్పులా మెరిసే రాయి. ఒకటి అరచేతిలో ఇమిడే కంచు గంట.

“ఇది ఉరుమురాయి. కట్టింది పడగొట్టే చెయ్యి ఎవరిదైనా సరే, ఆ మనిషిని అక్కడికక్కడే బూడిద చేస్తుంది. ఇది తిరుగుగంట. దీని మోత వినబడినంత మేరా వస్తువులన్నీ ఆ రోజు సూర్యోదయానికి ఎలా ఉన్నాయో అలా అయిపోతాయి. ఒకటి తీసుకో.”

కేతమ్మకు ఉరుమురాయి మీదికే చెయ్యి పోయింది. గుడ్లగూబ ముసుగు బూడిదై గాలికి ఎగిరిపోవడం కళ్ళముందు కనిపించి హాయిగా అనిపించింది కూడా. అంతలో ముళ్ళపొదలోంచి పాకివస్తున్న చిలక ముసుగు గుర్తొచ్చింది. ఆ రోజు తన చేతిలో ఈ రాయి ఉండి ఉంటే వెన్నెలమిట్టకు రాజు ఉండేవాడు కాదు.

“గంటతో నేను పొరపాటు పడితే పోయినదాన్ని మళ్ళీ కట్టుకోవచ్చు. బూడిదను మనిషిని చెయ్యలేను కదమ్మా” అని గంట తీసుకుంది. “మరి మొన్నెప్పుడో పాడైపోయిన రేవుపాలెం దీనితో బాగవుతుందా?”

“కాదు. ఆ ఊరు అప్పటినుంచి ప్రతి సూర్యోదయానికీ తలకిందులుగానే ఉంది కదా” అంది యక్షిణి. “దానికి నా దగ్గర మందు లేదు.”

కేతమ్మ సగం సంతోషంతోనే తిరుగు ప్రయాణమైంది.

అమావాస్య ఇంకా కొన్నాళ్ళుందనగా ఆమె బయలు చేరేసరికి చక్రధర మహారాజు వాకిట్లో చతికిలబడి ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. మీసం ఒకవైపే మిగిలింది.

“అమ్మా కేతమ్మా, వచ్చావా తల్లీ!” అన్నాడు. “రాజ్యం ఏలడం ఇంతకంటే చాలా తేలిక. అక్కడ దొంగను పట్టుకుంటే దొంగ ఏడుస్తాడు. ఇక్కడ దొంగను పట్టుకుంటే పట్టుకున్నవాణ్ణి చూసి నవ్వుతాడు. కోపం పట్టలేక మంత్రిని మూడుసార్లు వెలివేశాను. సేనాపతిని కూడా వేశాను. మహారాణి మాట్లాడటం మానేసింది.”

“ఆమెను కూడానా ప్రభూ?”

“నెమలి ముసుగులో ఉంది. నాకేం తెలుసు!”

మర్నాడు తుంటరిదండు గోశాలను తిరగేసింది. కేతమ్మ పరిగెత్తలేదు, అరవలేదు. నింపాదిగా వచ్చి గంట గట్టిగా మోగించింది. గోశాల బాగయింది. దానితోపాటు ఆ పొద్దుటినుంచి మిగతా జనమంతా కట్టుకున్నవి కూడా మాయమయ్యాయి. “నా మేడ!” “మా వంతెన!” అంటూ అందరూ ఆమె మీద పడ్డారు. తుంటరులకంటే ఆమెకే ఎక్కువ తిట్లు తగిలాయి. శాంతానందుడి ఆశ్రమం తలుచుకుని ఓర్చుకుంది. ఆ తరవాత గంటను గోటితో మెల్లగా మీటడం సాధన చేసింది. పాడైన గోడకు మాత్రమే వినబడేటంత సన్నగా మీటితే ఆ గోడ ఒక్కటే బాగయ్యేది.

తుంటరులు మేడ మెట్లు మాయం చేస్తారు, కేతమ్మ గంటను ‘టింగ్’మనిపిస్తుంది, మెట్లు వస్తాయి. బావిలో మజ్జిగ పోస్తారు, ‘టింగ్’. “మాకు కోపం తెప్పించకు!” అని వాళ్ళే అరవడం మొదలుపెట్టారు. “ఎండగా ఉంది, నీళ్ళు తాగుతారా?” అనేది కేతమ్మ. నాలుగు రోజులకు వాళ్ళకు మొహం మొత్తింది. ఒక్కొక్కడే జారుకున్నాడు. తలకిందులరాయుడు మాత్రం పోలేదు. తలకిందుల రేవుపాలెం పక్కన మోకాళ్ళు ముడుచుకుని, ఎవరైనా వచ్చి ఏడవకపోతారా అన్నట్టు కూర్చునేవాడు.

కేతమ్మ అచ్చాయమ్మ ఇంటికి వెళ్ళింది.

“ఏరు ఒకసారి తీసుకుపోయింది, వీళ్ళొకసారి తీసుకుపోయారు. మూడోసారి కట్టే ఓపిక నాకు లేదే అమ్మా” అంది ముసలామె.

“కట్టమనడం లేదవ్వా. ఒక్కసారి వచ్చి ఏం చెయ్యమంటావో చెప్పు. కూల్చెయ్యమంటే కూల్చేస్తాను. నీ మాట లేకుండా దాని మీద చెయ్యి వెయ్యలేను.”

అచ్చాయమ్మ ఇష్టం లేకుండానే చెప్పులు తొడుక్కుంది. ఉడుత ముసుగుతో బయల్లో నడిచి ఏటి ఒడ్డున ఆగింది. ఎదురుగా ఊరంతా తలకిందులుగా ఉంది. కేతమ్మ ఆమె మొహం వైపు చూడలేక నేలచూపులు చూసింది. కాసేపటికి పక్కనుంచి మెల్లగా నవ్వు వినిపించింది.

“ఏంటవ్వా?”

“మా ఊరు ఏట్లో అచ్చం ఇలాగే కనబడేదే! నీళ్ళకోసం వంగినప్పుడల్లా గానుగ, కొలిమి, మా ఇల్లు, అన్నీ ఇలా తలకిందులుగా. ఈ బయల్లో నీళ్ళు మట్టితో చేసినవి కదా, వీటిలో నీడ పడదు. ఎన్ని ఇళ్ళు కట్టినా ఏదో తక్కువైనట్టుండేది. ఏం తక్కువో ఇప్పుడు తెలిసింది.” ఆమె ఒక ఇంటి దగ్గరకు వెళ్ళి కిటికీలోంచి తొంగిచూసింది. “చూశావా, ఒక్క పెంకు రాలలేదు. దీపం కూడా ఆరిపోలేదు. తల కిందికి, మంట కిందికి! ఎవడో గాని పనిమంతుడు. వెధవ పనిమంతుడు. ఎవడే వాడు?”

గుడ్లగూబ ముసుగువాడు గోడ పక్కనుంచి లేచి నిలబడ్డాడు. పారిపోతాడేమోనని కేతమ్మ అనుకుంది. వాడు అచ్చాయమ్మ ముందుకొచ్చి ముసుగు తానే తీసేశాడు. లోపల నెరిసిన గడ్డం, నుదుట పెద్ద బొట్టు.

అంతవరకూ చిలక ముసుగులో తన గోడ కట్టుకుంటున్న రాజు నోరు తెరిచాడు. “ధర్మాధికారి భీమేశ్వరులవారా! మీరా!” ఆయన పొరుగు రాజ్యంలో న్యాయం చెప్పే పెద్దమనిషి. ఆయన నవ్వడం ఎవరూ చూడలేదని రెండు దేశాల్లోనూ చెప్పుకునేవారు.

“పొద్దస్తమానం నిటారుగా కూర్చుని తీర్పులు చెప్పాలి” అన్నాడు ఆయన తలవంచుకుని. “దగ్గినా శాస్త్రప్రకారం దగ్గాలి. ఇక్కడ ముసుగులో నేనెవరో తెలియదు కదా, ఒక్క ఇల్లు తిరగేశాను. ఎంత హాయిగా ఉందో! ఇంకొకటి తిరగేశాను. ఇవి ఎవరికో కావలసిన ఇళ్ళని అనుకోలేదమ్మా. ఆట కదా అనుకున్నాను. ఏ శిక్ష వేసినా సరే.”

“శిక్షలు నీకలవాటు, నాకు కాదు” అంది అచ్చాయమ్మ. “ఈ ఊరిని ఇలాగే కిందికి దించు, పైన నీళ్ళు పారిద్దాం. ఒడ్డున నిలువు ఊరు మళ్ళీ కట్టాలి. నేను చెబుతాను, నువ్వు కట్టు.”

తిరగేయడం చేతనైన భీమేశ్వరుడికి కట్టడం రాదని అప్పుడు తెలిసింది. మొదటి గోడ కూలింది. రెండోది ఏట్లో పడింది. మూడోదాన్ని చెమటలు కక్కుతూ నిలబెట్టి, “అవ్వా, చూడు!” అని వెనక్కి తిరిగేలోపు జారుకున్న తుంటరుల్లో ఒకడు తిరిగొచ్చి దాన్ని తన్నేసిపోయాడు.

“ఎవడ్రా అది? నా గోడ! నిలువునా చీరేస్తాను! తల తీయిస్తాను!” అని ధర్మాధికారి చిందులు తొక్కాడు.

“కోపం వాళ్ళకు పాయసం తాతా” అంది కేతమ్మ. గోటితో గంట మీటబోయి, ఆగిపోయింది. గోడ ఆ రోజు కట్టిందే. గంట మోగితే పునాదితో సహా పోతుంది. ఆయన పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ కట్టాడు. ఆ రాత్రి తన తీర్పుల కాఠిన్యాన్ని కాస్త తగ్గించుకోవాలని ఆయనకు అనిపించిందట. నేనైతే చూడలేదు.

అచ్చాయమ్మ కబురందుకుని రేవుపాలెం వాళ్ళు తిరిగి రాసాగారు. తలా ఒక చెయ్యి వేశారు. దండులోంచి జారుకున్నవాళ్ళలో కొందరు తమ నాయకుడు ఇటుకలు మోస్తున్న వింత చూడటానికి వచ్చి, నవ్వి నవ్వి అలిసిపోయి, చివరికి తామూ మోశారు. అమావాస్యనాడు రాజు పరివారంతో వచ్చేసరికి ఒడ్డున ఒక ఊరుంది, దాని పాదాల దగ్గర నీళ్ళ కింద ఇంకొక ఊరుంది. పైన దీపం పెడితే కింది దీపం దాన్ని చూస్తున్నట్టుంది. మహారాణి అంతవరకూ మాట్లాడనిది, “ఎంత బాగుందండీ!” అంది రాజుతో.

రాజుకు అంతకంటే ఏం కావాలి? వాకిలి ఎప్పటికీ మూయబోమని అక్కడే చాటించాడు. ఊహలబయలును ఏలుకోమని కేతమ్మకు రాసిచ్చి, తన కిరీటం తీసి ఆమె తల మీద పెట్టబోయాడు. అది ఆమె ముక్కు దాకా దిగింది. చిన్నది చేయించి పంపుతానని తిరిగి పెట్టుకున్నాడు.

తుంటరులందరూ మారిపోయారని చెబితే మీరు నమ్మరు. నలుగురైదుగురు మారలేదు. వాళ్ళకోసం ముళ్ళపొద అలాగే ఉంచారు. కాకపోతే కావలి కాసే పని ఇప్పుడు కేతమ్మ ఒక్కదానిదే కాదు. రేవుపాలెం వాళ్ళు వంతులు వేసుకున్నారు. పొరుగు దేశపు ధర్మాధికారి సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఒక పూట కర్ర పట్టుకునేవాడు. ఎవణ్ణైనా వెలివేసే ముందు వాడు చెప్పేది చివరిదాకా వినేవాడు.

అలా మొదటిసారి ఒక రోజంతా ఖాళీ దొరికినప్పుడు కేతమ్మకు ఒక సంగతి తట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఈ బయల్లో ఉన్నా, తను ఏనాడూ గుప్పెడు మట్టి తీయలేదు. చెట్టు దగ్గరకు వెళ్ళి కుందేలు ముసుగు కోసుకుంది. వాకిట్లో కర్ర పట్టుకున్న అచ్చాయమ్మ, “పేరేంటమ్మా? ఏం కడతావు?” అని కొత్తవాళ్ళను అడిగినట్టే అడిగింది.

“ఇంకా అనుకోలేదవ్వా” అని కేతమ్మ లోపలికి పరిగెత్తింది.

సాయంత్రానికల్లా ఆమె ఒక గోడ కట్టింది. చాలా వంకరగా వచ్చింది. పక్కనుంచి చిలక ముసుగువాడొకడు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. కేతమ్మ కూడా నవ్వి, దాన్ని అలాగే ఉంచేసి, రెండో గోడకు మట్టి తీసింది.